చివరి కిటికీ పాట

రిహార్సల్ గది, మూడో అంతస్తు
వానలు మొదలైన వారం

వదినా,

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా రెండు "ఊఁ"లు కొట్టి పెట్టేస్తావు. నా గొంతు వింటుంటే అన్నయ్యే మాట్లాడుతున్నట్టుంటుందని పోయినసారి అన్నావుగా, అందుకే ఈ ఉత్తరం. కాగితానికి గొంతు లేదు కాబట్టి నిన్నేమీ చేయదు. చదవాలనిపించకపోతే కింద కొట్లో దర్జీ ఆవిడకి ఇచ్చెయ్, కొలతలు రాసుకుంటుంది.

సంగతేమిటంటే, మన నాటకాన్ని తీసుకున్నారు! అన్నయ్య పోయినప్పటి నుంచీ బీరువాలో పడుకున్న "నిద్ర పట్టని ఊరు" లేచి కూర్చుంది. థియేటరు యజమానురాలు కథ చెప్పమంటే పియానో ముందు కూర్చుని మొదట్నుంచి చెప్పాను. ఒక ఊళ్ళో ఎవరికీ నిద్ర పట్టదు. ఒకాయన ఇంటింటికీ తిరిగి, ఒక్కో ఇంటికి ఒక్కో పాట పాడి నిద్రపుచ్చుతుంటాడు. పాట పూర్తయినప్పుడల్లా ఒక కిటికీలో దీపం ఆరుతుంది. ఊరంతా పడుకున్నాక తన ఇంటికొస్తే, అక్కడ భార్య మేలుకునే ఉంటుంది. ఆ చివరి కిటికీకి చివరి పాట. ఇలా చెప్తూ పాటలన్నీ వాయించేసరికి ఆవిడ నోరారా ఆవలించింది. నేను వాయించడం ఆపేశాను. "క్షమించమ్మా, నాకు నిద్రమాత్ర లేనిదే కన్ను మూతపడదు. ఇప్పుడు పడుతోంది" అని అక్కడికక్కడే ఒప్పేసుకుంది.

ఒక్కటే చిక్కు. చివరి పాటకి నీ మాటలు లేవు. మన ముగ్గురి పద్ధతీ ఆవిడకి విప్పి చెప్పాల్సి వచ్చింది. నేను బాణీ కడతాను. అన్నయ్య హార్మోనియం రిపేర్లు పక్కన పెట్టి, నోటికొచ్చిన డమ్మీ మాటలతో దాన్ని టేపులో పాడతాడు. ఆ టేపు విని నువ్వు అసలు మాటలు రాస్తావు. వాడికి ఏది కనబడితే అదే సాహిత్యం కదా! దగ్గుమందు సీసా మీది రాతలతో పాడిన పాటేగా, నువ్వు మాటలు మార్చాక రెండో అంకంలో అందరినీ ఏడిపించే పాటయింది.

చివరి పాటకి మాత్రం టేపు మిగిలింది, నీ మాటలు రాలేదు. అది పాడిన వారంలోనే వాడు... సరే, నీకు నేను చెప్పేదేముంది.

రాయవా వదినా? వానలు వెనకబట్టాక తెర లేస్తుంది.

నీ పిచ్చుక


దర్జీ కొట్టు పైగది
ఆదివారం

పిచ్చుకా,

సంతోషం. యజమానురాలి ఆవలింత నాకు తెగ నచ్చింది. మీ అన్నయ్య వినుంటే దాన్ని చట్రం కట్టించి గోడకి తగిలించేవారు.

ఇక్కడ పొద్దునపూట సముద్రం కనబడదు. మంచు కిటికీ దాకా వచ్చి నిలబడుతుంది. కింద కుట్టుమిషను మొదలవగానే అది విసుక్కున్నట్టు వెనక్కి జరుగుతుంది. రోజంతా ఆ మిషను చప్పుడు నేలలోంచి అరికాళ్ళకి తెలుస్తూ ఉంటుంది. ఇది ఇల్లులా ఉండదు. అందుకే ఇక్కడికొచ్చాను.

నేను రాయలేను. బెట్టు చేస్తున్నాననుకోకు. నిద్రపుచ్చే పాట రాయాలంటే ముందు రాసే మనిషికి నిద్ర పట్టాలి. నా రాత్రుళ్ళు ఎలా ఉంటాయో చెప్పనా? గడియ వేసి పడుకుంటాను. కాసేపటికి వేశానా లేదా అని అనుమానం. లేచి చూస్తే వేసే ఉంటుంది. మళ్ళీ పడుకుంటాను, మళ్ళీ అనుమానం. ఇల్లంతా తెరిచిపెట్టి పడుకున్నట్టే ఉంటుంది. తెల్లారేదాకా నేనూ ఆ గడియా ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం.

వేరే ఎవరిచేతనైనా రాయించుకో. నాకేమీ కోపం రాదు. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఆ టేపులో ఆయన పాడిన డమ్మీ మాటలు స్టేజీ మీద ఎవరూ పాడకూడదు. అవి మా ఇంట్లో మాటలు. టికెట్టు కొన్నవాళ్ళ కోసం ఆయన అనలేదు.

వదిన


రిహార్సల్ గది
పైకప్పు కారుతున్న రోజు

వదినా,

వేరే ఎవరిచేతా రాయించను. నువ్వు తిట్టినా సరే.

ఈ ఉత్తరం మీద నీళ్ళ మరకలు చూసి ఏడ్చాననుకోకు, పియానో పక్కన బకెట్ పెట్టాం. బొట్టు పడే లయకి నా వేళ్ళు తాళం తప్పుతున్నాయి.

మా వాళ్ళని పరిచయం చేస్తాను. డైరెక్టరు గారికి మేం పెట్టిన పేరు ఉరుము. ఎందుకంటే ఆయన మాట్లాడితే పక్కనున్న వాళ్ళకి కూడా వినబడదు. అందరం ముందుకు వంగి వింటాం, అందుకే మా ట్రూపు మొత్తానికి నడుం నొప్పి. నిద్రపుచ్చే మనిషి వేషం పొడుగాయనది. గుమ్మాల్లోంచి వంగి రావడం అలవాటై, గుమ్మం లేని చోట కూడా వంగి వస్తాడు. భార్య వేషం రాణిగారిది. చివరి అంకమంతా కిటికీలో మనకి వీపు పెట్టి కూర్చోవడమే ఆవిడ పని. ఒక్క మాట లేదు, ఒక్క పాట లేదు. "నా వీపుకి ఎంతిస్తారు, మొహానికి ఎంతిస్తారు?" అని యజమానురాలిని అడుగుతోంది.

ఆ మాటలు స్టేజీ మీదికి రావు, పూచీ నాది. కానీ పాట నేర్పాలంటే నా దగ్గరున్నది ఆ టేపొక్కటే. పొడుగాయన దాన్ని వింటూ నేర్చుకుంటున్నాడు, రిహార్సల్ మట్టుకే. నీకు గుర్తుండే ఉంటుంది:

తలుపు వేశావా
గొళ్ళెం పెట్టావా
పొయ్యి కట్టేశావా
కిటికీ మూశావా
కళ్ళజోడు తీశావా
నిద్రొస్తోందా

"ఇది పాటా, పడుకోబోయే ముందు పనుల చిట్టానా?" అంది యజమానురాలు. కానీ ఉరుము కళ్ళు మూసుకుని విన్నాడు. ఆయన్ని పట్టేసింది మాటలు కాదు, మధ్యలో ఉన్న నిశ్శబ్దాలు. ప్రతి ప్రశ్న తర్వాతా అన్నయ్య రెండేసి మాత్రలు ఆగాడు. పొయ్యి ప్రశ్న తర్వాత అయితే చాలాసేపు. "ఆ పొడుగు నిశ్శబ్దంలో మనిషి తన బతుకంతా వెనక్కి తిరిగి చూసుకుంటున్నాడు" అని ఉరుము నెమ్మదిగా అన్నాడు, అందరం వంగి విన్నాం. నేను ఆ నిశ్శబ్దాలని అలాగే ఉంచి వాద్యాలన్నీ వాటి చుట్టూ కట్టాను. వయొలిన్లు కూడా అక్కడ ఊపిరి బిగబట్టి కూర్చుంటాయి. అన్నయ్యకి సంగీతం రాదని ఎవరన్నారు వదినా? నేను నేర్పిన బాణీలో నాకే తెలియని చోట ఆగాడు.

పిచ్చుక


దర్జీ కొట్టు పైగది
మధ్యాహ్నం

పిచ్చుకా,

ఉరుముకి నా నమస్కారం చెప్పు. ఆ పొడుగు నిశ్శబ్దం గురించి ఆయనన్న మాట చదివి దర్జీ ఆవిడ పైకొచ్చేంత గట్టిగా నవ్వాను. ఎందుకని అడగకు.

మధ్యాహ్నం కాస్త కునుకు పట్టింది. కలలో మీ థియేటరు సముద్రం మధ్యలో ఉంది. కిటికీలన్నీ నీళ్ళ మీద తేలుతున్నాయి, దీపాలతో సహా. మీ అన్నయ్య చిన్న స్క్రూడ్రైవరు పట్టుకుని ఒక్కో కిటికీ దగ్గరికీ ఈదుకుంటూ వెళ్ళి, హార్మోనియం మెట్టు సరిచేసినట్టు దీపం సరిచేస్తున్నారు. ఆయనకి ఈత రాదన్న సంగతి నాకు కలలోనే గుర్తొచ్చింది. అంతే, మెలకువ.

పొడుగాయన ఎలా పాడతాడు? ఊపిరి ఎక్కడ తీసుకుంటాడు? ఊరికే అడుగుతున్నాను. రాస్తానని కాదు.

వదిన


రిహార్సల్ గది
కిటికీలు దింపిన రోజు

వదినా,

ఊరికే అడిగావని నమ్మేశాను, సరేనా!

ఇవాళ సెట్టు దిగింది. ఊరంటే మరేమీ లేదు, నీలంగుడ్డ మీద కిటికీలు. ఎత్తుగా, పల్లంగా, ఒకదాని పక్కన ఒకటి వేలాడుతున్నాయి. ప్రతిదాని వెనకా ఒక చిన్న దీపం. లైట్లావిడ పైన మంచె మీద కూర్చుని ఒక్కొక్కటీ వెలిగించింది. పనివాళ్ళు కూడా సుత్తులు కింద పెట్టి నిలబడిపోయారు. తర్వాత పొడుగాయన పాటలు పాడుతుంటే ఒక్కొక్కటీ ఆర్పుకుంటూ వచ్చింది. చివరికి ఒక్క కిటికీ మిగిలింది. ఆ వెలుగులో రాణిగారి వీపు. వీపు కూడా ఎదురుచూడగలదని నాకు ఇవాళే తెలిసింది.

ఇప్పుడు చెడ్డ కబురు. యజమానురాలి మంచితనానికీ ఓ హద్దుంది. "చివరి పాటకి మాటలు లేకపోతే ఆ పాట తీసేస్తాను. ఊరంతా పడుకున్నాక నిద్రపుచ్చేవాడు చీకట్లోకి నడిచి వెళ్ళిపోతాడు. అక్కడే తెర దించేద్దాం" అంది. తెర కుట్టడం అయ్యేలోపు మాటలు రావాలట. అంటే వాడు ఇల్లు చేరడు వదినా. ఊరందరినీ నిద్రపుచ్చినవాడు తన ఇంటికి రాకుండానే నాటకం అయిపోతుంది. అన్నయ్య పాడిన ఆఖరి పాట ఎవరూ వినకుండానే బీరువాలోకి పోతుంది.

ఇన్నాళ్ళూ నీ దగ్గర ఒకటి దాచాను. పొడుగాయన ఊపిరి సంగతి అడిగావుగా. వాడు అన్నయ్య తీసుకున్న చోటే తీసుకుంటాడు. అంతేనా, టేపులో మూడో ప్రశ్న మధ్యలో అన్నయ్య చిన్నగా దగ్గాడు, గుర్తుందా? "పొయ్యి" అని, ఖుక్కుమని, "కట్టేశావా" అని. పొడుగాయన అది కూడా పాటలో భాగమనుకున్నాడు! రోజూ తాళంలో పెట్టి మరీ దగ్గుతున్నాడు. ఎంత శ్రద్ధగానంటే, మొన్న వాడికి నిజంగా జలుబు చేస్తే ఆ ఒక్క చోట మాత్రం సరిగ్గా కుదిరి, మిగతా పాటంతా పాడైంది. తీసేయమని చెప్పడానికి రోజూ నోరు తెరుస్తాను. రోజూ మూసుకుంటాను. ఆ దగ్గు వినబడ్డప్పుడు నేను పియానో మీంచి తల ఎత్తను. ఎత్తితే వాడు అన్నయ్య కాడని తెలిసిపోతుంది.

రాయి వదినా. నాకోసం కాకపోయినా.

పిచ్చుక


దర్జీ కొట్టు పైగది
ఉదయం, మంచు

పిచ్చుకా,

ఆ దగ్గు సంగతి మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను. తర్వాత రెండుసార్లూ నవ్వలేదు.

ఇదిగో, మాటలు.

ఊరు మొత్తం నిదుర కప్పుకుని ఒత్తిగిలి పడుకున్నదే
ఆరిపోయిన దీపాల వాసన అడుగడుగున వెంటున్నదే
మిగిలిన వెలుగు ఒకటే ఒకటే, అది నీ కిటికీ, అది నా ఇల్లే
అలసిన పాటను ఒడిలో పెట్టుకో, తెల్లవారులూ అది నీదేలే

ఇంకో చరణం వెనక పేజీలో ఉంది. పాట మధ్యలో ఖాళీ లేకుండా రాశాను. మాత్రలన్నీ లెక్క చూసుకునే రాశాను, నీ బాణీలో సరిపోతాయి. వయొలిన్లని ఊపిరి తీసుకోమను.

టేపు పని అయిపోయింది కాబట్టి, పోస్టులో నాకు పంపించెయ్.

వదిన


రిహార్సల్ గది
తెర కుట్టడం అయిన రోజు

వదినా,

నీ మాటలు అందాయి. బాగున్నాయి. చాలా బాగున్నాయి.

యజమానురాలు కళ్ళు ఒత్తుకుంది, పాట ఉంటుందని మాటిచ్చింది. ఉరుము ఏదో అన్నాడు గాని వానచప్పుడులో మాకెవరికీ వినబడలేదు. పొడుగాయన పాత మాటలు మరిచిపోయే పనిలో ఉన్నాడు పాపం. రోజుకి పదిసార్లు "ఊరు మొత్తం" అని మొదలుపెట్టి, పళ్ళు తోముకుంటూ కూడా అదే పాడుతున్నాడట. దగ్గు దానంతటదే పోయింది. ఎక్కడ దగ్గాలో తెలియక ఊరుకున్నాడు.

ఆ నిశ్శబ్దాలు పోయాయి. అంతే. మిగతా అంతా బాగుంది.

టేపు జాగ్రత్తగా గుడ్డలో చుట్టి పంపుతున్నాను. మొదటి ఆటకి రా వదినా. బాల్కనీలో ఒక సీటు నీ కోసం ఉంచుతాను. టికెట్టు ఇదే కవర్లో పెట్టాను.

పిచ్చుక


దర్జీ కొట్టు పైగది
సాయంత్రం

పిచ్చుకా,

టేపు చేరింది. వినలేదు. దిండు పక్కన పెట్టుకున్నాను.

బాగున్నాయని ఒకసారి రాసి ఉంటే నమ్మేదాన్ని. రెండుసార్లు రాశావు. చిన్నప్పుడు నేను చేసిన వంట నచ్చకపోతే నువ్వు రెండుసార్లు మెచ్చుకుని నీళ్ళు తాగేదానివి. నా పెళ్ళైన కొత్తలో ఆ ఇంట్లో నన్ను మెచ్చుకున్నది నువ్వొక్కదానివే కాబట్టి ఊరుకునేదాన్ని.

నిశ్శబ్దాలని కావాలనే నింపాను. ఎందుకో అడగకు. అక్కడ ఖాళీ ఉంటే నేను వినలేను, అది చాలు.

మొదటి ఆటకి రాను. బస్సు ప్రయాణం పడదు. పైగా ఆ పాట ఒకరు పాడుతుంటే కూర్చుని చూసే ధైర్యం నాకు లేదు. టికెట్టు దర్జీ ఆవిడకి ఇద్దామంటే ఆవిడ "నాకు పాటలంటే తలనొప్పి" అంది. అలా అంటూనే మిషను మీద పాడుకుంటూ పోయింది.

నీకు అంతా మంచే జరగాలి. చేతులు చల్లబడితే వేడినీళ్ళ గ్లాసు పట్టుకో, మీ అన్నయ్య పట్టుకునేవారు.

వదిన


థియేటరు మెట్ల మీద
మొదటి ఆట అయిన మర్నాడు, పొద్దున్నే

వదినా,

నువ్వు వచ్చావు.

కాదనకు. టికెట్లబ్బాయిని కాదు, నా చెవుల్ని అడిగాను. నేను చెప్పేది నీకు తెలిసిందే అయినా, కింద పియానో దగ్గర నుంచి ఎలా ఉందో నీకు తెలియదు కదా. అది చెప్తాను.

హాలు నిండింది. వాన మా కోసమే అన్నట్టు ఆగింది. ఒక్కో పాటా, ఒక్కో కిటికీ. రెండో అంకంలో ముందు వరసలో ఒక పెద్దాయన నిజంగానే నిద్రపోయాడు, యజమానురాలు దాన్ని మెప్పు కింద లెక్కేసుకుంది. చివరి కిటికీ మిగిలింది. పొడుగాయన తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను వాడికి శ్రుతి ఇచ్చాను. వాడు నోరు తెరిచాడు. నా వైపు చూశాడు. ఆ చూపు చూస్తే తెలిసిపోయింది, "ఊరు మొత్తం" అనే మాట వాడి బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయింది. వాడి చెయ్యి తలుపు మీద ఉంది. ఆ చెయ్యే పాడించిందనుకుంటా.

"తలుపు వేశావా..."

నా పని అయిపోయిందనుకున్నాను. నీకిచ్చిన మాట పోయింది. అందించాల్సింది, కొత్త మాట అందించాల్సింది నేను. అందించలేదు. నా వేళ్ళు మునుపటిలాగే ఆ రెండు మాత్రలూ ఆగాయి. వయొలిన్లు కూడా ఎవరూ చెప్పకుండానే ఆగాయి.

అప్పుడు బాల్కనీలోంచి, గట్టిగా కాదు, పక్కగదిలోంచి అన్నట్టు, "వేశాను."

నేను తిరిగి చూడలేదు వదినా. చూస్తే పాట పోతుంది. పొడుగాయన కూడా ఉలిక్కిపడలేదు. ఇన్నాళ్ళూ ఆ జవాబు కోసమే అడుగుతున్నవాడిలా, "గొళ్ళెం పెట్టావా?" అన్నాడు. "పెట్టాను." హాలంతా అది నాటకమే అనుకుంది. రాణిగారి వీపు వైపే చూస్తున్నారందరూ. తర్వాత "పొయ్యి", ఖుక్, "కట్టేశావా?" దగ్గు ఎక్కడి నుంచి తిరిగొచ్చిందో వచ్చేసింది.

"అయ్యో!"

ఆ "అయ్యో"కి హాలు హాలంతా నవ్వింది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు సీట్లలోంచి లేవబోయారు కూడా. తర్వాత ఆ పొడుగు నిశ్శబ్దం. అందరి నవ్వూ అందులో మెల్లగా మునిగింది. దాని చివర్లో చిన్నగా, "ఆఁ, కట్టేశాను." అప్పుడర్థమైంది నాకు. అన్నయ్య ఎక్కడా ఆగలేదు. నువ్వు మాట్లాడుతుంటే వింటున్నాడు. నేను ఇన్నాళ్ళూ మీ ఇద్దరి మాటల్లో నీ మాటల్ని కొట్టేసి, దానికి సంగీతమని పేరు పెట్టి, వయొలిన్లని కాపలా కూర్చోబెట్టాను.

"మూశాను." "తీశాను." చివరికి "నిద్రొస్తోందా?" అన్నాడు.

దానికి జవాబు రాలేదు. లైట్లావిడ మీట మీద చెయ్యి పెట్టుకుని ఎదురుచూసింది. అందరం ఎదురుచూశాం. ఆఖరికి ఆ కిటికీ వెలుగుతుండగానే తెర దించేశారు.

చప్పట్లు ఆగకముందే పైకి పరిగెత్తాను. నీ సీటు ఇంకా వెచ్చగానే ఉంది. నువ్వు లేవు.

పొద్దున పేపర్లో రాణిగారి గొంతు గురించి రాశారు, ఎంతో దూరం నుంచి వచ్చినట్టుందట. "అదంతా సాధన" అని ఆవిడ తడుముకోకుండా ఒప్పేసుకుంది. పొడుగాయన మాత్రం నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఉద్యోగం పోతుందని. ఇవాళ సాయంత్రం రెండో ఆట. నువ్వు వద్దన్న మాటలవి, అందుకని నీ మాటలే పాడిస్తాను. నువ్వు మరోలా చెప్పేదాకా అవే ఉంటాయి. నాకేం కావాలో నీకు తెలుసు, అయినా అడగను.

నామీద కోపం వచ్చిందా?

పిచ్చుక


దర్జీ కొట్టు పైగది
మధ్యాహ్నం దాటాక

పిచ్చుకా,

కోపం లేదు.

రాకూడదనే అనుకున్నాను. దర్జీ ఆవిడ నా నీలం శాలువా అంచు ఊడిందని కుట్టి, ఇస్త్రీ చేసి, బస్సు టైము చెప్పింది. నేను అడగలేదు. టేపు సంచిలో వేసుకుని బయల్దేరాను. నా మాటలు విని, చప్పట్లు కొట్టి, ఎవరికీ కనబడకుండా వచ్చేద్దామనే కూర్చున్నాను. వాడు తలుపు వేశావా అన్నాడు. నేను ఆలోచించి జవాబు చెప్పలేదు. అడిగితే చెప్పడం అలవాటు, చెప్పాను. చెప్పాక పక్క సీటావిడ నా వైపు చూసింది. నేనూ ఎవరన్నారా అన్నట్టు వెనక్కి చూశాను.

మా ఇంట్లో రోజూ పడుకునే ముందు ఆయన అడిగేవారు, నేను ఎక్కడో ఒక గదిలోంచి కేకేసేదాన్ని. టేపు చేసిన రోజు ఇంకా చీకటి కూడా పడలేదు. డమ్మీకి మాటలు దొరక్క అవే అందుకున్నారు. నేను వరండాలో బట్టలు తీస్తూ, ఆయన్ని ఆటపట్టించడానికి జవాబులిచ్చాను. ఫ్యాను హోరులో నా గొంతు టేపుకెక్కలేదు. మూడో ప్రశ్నకి దగ్గు ఎందుకొచ్చిందనుకున్నావు? గిన్నె మాడి పొగొచ్చింది కాబట్టి! "అయ్యో" అని పరిగెత్తాను. కట్టేసి కేకేసేదాకా ఆయన తాళం వేసుకుంటూ ఆగారు. మీ ఉరుముకి ఆ నిశ్శబ్దంలో వినబడిన బతుకంతా ఆ మాడిన గిన్నే. ఆయనకి ఈ సంగతి చెప్పకు, పాపం.

ఆ ఖాళీలు వింటే నేను అక్కడ లేనట్టుంటుంది. ఆయన అడుగుతూనే ఉన్నారు, ఇంట్లో ఎవరూ పలకట్లేదు. అందుకే నింపేశాను. ఇప్పుడు నా మాటలు తీసెయ్. మంచి మాటలే, ఇంకో నాటకంలో వాడుకుందాం. ఆయన మాటలే పాడించు. స్టేజీ మీద వద్దన్నది నేనే, పాడమంటున్నదీ నేనే. జవాబులు రాణిగారికి నేర్పు. వేశాను, పెట్టాను, అయ్యో, కట్టేశాను, మూశాను, తీశాను. వీపుకీ గొంతుకీ కలిపి జీతం అడగమను. పాట పక్కన ముందు మీ అన్నయ్య పేరు వేయించు. కింద "జవాబులు" అని నా పేరు. దగ్గు తీయించకు.

చివరి ప్రశ్నకి ఆ రోజు కూడా నేను జవాబు చెప్పలేదు. సాయంత్రం పూట నిద్రేమిటని నవ్వానంతే. మొన్న హాల్లో చెబుదామని నోరు తెరిచాను. ఇన్నాళ్ళుగా నిద్రే లేనిదాన్ని, ఆయనకి అబద్ధం చెప్పలేకపోయాను. అందుకే లేచి వచ్చేశాను.

ఆఖరి బస్సు దొరికింది. కిటికీ పక్కన కూర్చున్నాను. బయట వరసగా దీపాలు వెనక్కి పోతున్నాయి. సంచి ఒళ్ళో పెట్టుకుని, తలుపు వేశాను, గొళ్ళెం పెట్టాను అని నాలో నేనే అనుకుంటున్నాను. మళ్ళీ లేచి చూడాలని అనిపించలేదు. అడిగిన మనిషికి జవాబు చెప్పేశాను కదా. తర్వాత ఏమైందో తెలియదు. కండక్టరు భుజం తట్టి, "అమ్మా, ఇదే చివరి స్టాపు. మీరెక్కడ దిగాలి?" అన్నాడు. తెల్లారుతోంది. నేను దిగాల్సిన ఊరు ఎప్పుడో దాటిపోయింది. చెంప మీద కిటికీ ఊచ అచ్చు పడింది.

అందుకని, చివరి ప్రశ్నకి రాణిగారిని ఏమీ అననివ్వకు. కాసేపు ఆగి, లైట్లావిడని దీపం ఆర్పేయమను.

వదిన